జత కుదిరిన నల్లచేపలు

ఆళ్లగడ్డలో మా అక్కవాళ్ల హాల్లో సముద్రపు చేపల తొట్టి పెట్టిన చోట అంతకుముందు బండలాగుడు పోటీల షీల్డులు ఉండేవి. మా బావ ఎద్దులు గెలిచినవి. వాటిని గోడవారకు జరిపి, ఆ బల్ల మీద గాజుతొట్టి పెట్టుకోవడానికి బావ ఒప్పుకున్నాడంటే ఇంట్లో అందరం ఆశ్చర్యపోయాం. చేపల మీద ఇష్టంతో ఒప్పుకోలేదాయన. తన తమ్ముడు ఎట్లా ఓడిపోతాడో రోజూ మంచం మీద కూర్చుని చూడొచ్చని ఒప్పుకున్నాడు. ఇది నా ఊహ కాదు, ఆయనే నవ్వుతూ నా ముందు అన్నాడు.

ఆ తమ్ముణ్ని మేం చిన్నబావ అంటాం. చెన్నైలో రంగుచేపలు అమ్మే పెద్ద దుకాణంలో చాలా ఏళ్లు పనిచేశాడు. అది మూతపడ్డాక వచ్చి అన్న ఇంట్లో చేరాడు. ఏదో ఒక దారి దొరికాక తీసుకొస్తానని చెప్పి భార్యను శిరివెళ్లలో పుట్టింట్లో ఉంచాడు. అన్నదమ్ములకు పంపకాలు కాలేదు. పొలం, ఇల్లు, నంద్యాలలో అద్దెకిచ్చే గదుల వరస, అన్నీ అన్న చేతిలోనే ఉన్నాయి. ఆ వరసలో ఒక గది ఖాళీగా ఉంది. అది ఇస్తే సముద్రపు చేపలు, తొట్టిలో పెంచుకునే పగడపు జీవాలు అమ్మే దుకాణం పెట్టుకుంటానని చిన్నబావ అడిగాడు. డాక్టర్లు, కొత్తగా ఇళ్లు కట్టుకుంటున్నవాళ్లు కొంటారని అతని ఆశ.

"మొదట ఈడ పెట్టి చూపీ" అన్నాడు బావ. "శివరాత్రి నాటికి చేపలు బతికుంటే తాళంచెవి నీ చేతిలో పెడతా. చస్తే ఎద్దులకాడికి పో."

ఎద్దులకాడికి పోవడమంటే ఏమిటో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఇంటి వెనక కొట్టంలో పడక, పేడ, ఉలవల గుగ్గిళ్లు, తెల్లవారకముందే ఎద్దులకు నడక. అంతకుముందు ఆ పని చూసిన దూరపు బంధువు ఒకాయన ముసలివాడయ్యేదాకా కొట్టంలోనే ఉన్నాడు. ఆయన భోజనం పళ్లెం కూడా కొట్టం గూట్లోనే ఉండేది. పెళ్లాన్ని తెచ్చుకుని కాపురం పెట్టే చోటు కాదది.

నేను అప్పుడు నంద్యాలలో ఒక దినపత్రిక జిల్లా పేజీలు చూసేవాణ్ని. వారపు సెలవు రోజు బస్సెక్కి అక్క ఇంటికి పోయేవాణ్ని. అందువల్ల జరిగిందంతా వారానికోసారి కళ్లారా చూశాను. మధ్యలో జరిగినవి అక్క ఫోన్లో చెప్పేది.

మొదటి వారాలు తొట్టిలో చేపే లేదు. మా వైపు బోరునీళ్లు బిందెకు తెల్లగా పట్టేంత చవుడు. వాటిని వడగట్టి, సముద్రపు ఉప్పు కలిపి, బొరియలున్న రాళ్లు పేర్చి, అట్లాగే వదిలేశాడు చిన్నబావ. కంటికి కనిపించని సూక్ష్మజీవులు ఆ రాళ్లలో స్థిరపడాలి, చేపల మలినాన్ని అవే తింటాయి, అవి లేకుండా చేపల్ని వేస్తే వాటి విషంలో అవే చస్తాయి అని చెప్పాడు. బావ ఎద్దుల్ని చూడటానికి ఉయ్యాలవాడ నుంచి, ప్యాపిలి నుంచి రైతులు వచ్చేవాళ్లు. ఎద్దుల్ని చూశాక బావ వాళ్లను హాల్లోకి తీసుకొచ్చి తమ్ముణ్ని పిలిచేవాడు. "చెప్పు నాయనా, నీ రాళ్ల సంగతి వీళ్లకు చెప్పు" అనేవాడు. చిన్నబావ చేతులు తుడుచుకుంటూ వచ్చి మొదటినుంచీ చెప్పేవాడు.

"ఏందప్పా, రాళ్లు సాకుతాండావా? పూటకు ఎన్ని పాలిస్తాయి?" అని ఒకాయన అడిగాడు ఒకరోజు. అందరూ నవ్వారు. చిన్నబావ కూడా నవ్వాడు. ఆ నవ్వు ఆ ఇంటికొచ్చాక నేర్చుకున్నది. ఎవరైనా మాట అనబోతుంటేనే అతని ముఖం మీదికి వచ్చి కూర్చునేది.

చలికాలం మొదలవుతుండగా నీళ్లు సిద్ధమయ్యాయి. ఏ చేపలు తెప్పించాలో నాకు వివరంగా చెప్పాడు. చిన్న తొట్టిలో చేపకూ చేపకూ స్నేహం అనేది ఉండదట, చోటు ఉంటుందట. ఒకటి ఇసుకలో బతకాలి, ఒకటి రాతి సందులో, ఒకటి నడిమి నీళ్లలో. రెండు చేపలు ఒకే సందు మీద కన్నేస్తే రెండోదానికి పారిపోవడానికి సముద్రం లేదు. అందుకని ఇసుకలో బొరియ చేసుకునే చేప ఒకటి, నడిమి నీళ్లలో కదలకుండా నిలబడే సన్నటి ఎర్రతోక చేప ఒకటి, నారింజ రంగు మీద తెల్లపట్టీలుండే క్లౌన్ చేపలు రెండు చాలన్నాడు. క్లౌన్ చేపల్లో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది ఉండాలన్నాడు. పెద్దదే ఆడది అవుతుంది, చిన్నది దానికి లొంగి ఉంటుంది. రెండూ సమానంగా ఉంటే ఎవరు పెద్దో తేలేదాకా కొట్టుకుంటాయి.

మంచం మీద నుంచి బావ ఇదంతా విన్నాడు. "ఎచ్చుతగ్గులుండేది జత ఎట్లయితాదిరా?" అని అడిగాడు.

బావ మాటకు మా వైపు విలువ ఉంది. ఎద్దుల జత కుదర్చడంలో ఆయన్ను మించినవాడు లేడని అనేవాళ్లు. ఎక్కడ సంతకు పోయినా కొనేవాళ్లు ఆయన్ను వెంటబెట్టుకుని పోయేవాళ్లు. ఎత్తు, కొమ్ము, నడక, చివరికి తోక కుచ్చు కూడా సమానంగా ఉండాలి. ఒకటి బెత్తెడు పొడుగైనా కాడి వంగుతుంది, బరువంతా పొట్టిదాని మెడ మీద పడుతుంది. తర్వాత సుడి చూడాలి. నొసటి మీద ఉండే సుడిని బట్టి ఆ ఎద్దు ఇంటికి కలిసొస్తుందో లేదో చెప్పేవాడు. జీవితమంతా ఆయన కన్ను అట్లా చూడటానికే అలవాటుపడింది.

చెన్నై వ్యాపారి పంపిన ఫొటోలున్న ఫోను ఇమ్మన్నాడు. వేలితో జరుపుకుంటూ పోయి ఒకచోట ఆగాడు. బొటనవేలి గోరంత నల్లటి చేప. ఒంటి మీద తెల్లటి చుక్కలు, ఒకటి సరిగ్గా నొసటి మీద.

"ఇది. బొట్టు పెట్టినట్టుంది సూడు."

"అది వద్దన్నా. చిన్నప్పుడే అట్ల ముద్దుగా ఉంటాది. కుదురుకుందంటే పక్కన ఒక్కదాన్ని బతకనీదు."

"పౌరుషం ఉందని చెప్పు. రెండు తెప్పీ. ఒగే ఎత్తువి."

"ఎద్దులు గాదన్నా ఇవి."

"నోరు లేని జీవం ఏదైనా ఒగటే. జత సూసేది నాకు నేర్పిస్తావా నువ్వు?" అన్నాడు బావ. తర్వాత గొంతు తగ్గించి, "నీకు గది కావాల్నా, వద్దా?" అని అడిగాడు.

చిన్నబావ ఫోను తీసుకుని బయటికి పోయాడు. వసారాలో నిలబడి తమిళంలో మాట్లాడుతున్నది నాకు వినిపిస్తూనే ఉంది. పక్కన పెట్టి కొలిచి, సమానంగా ఉన్నవే పంపమని రెండుసార్లు చెప్పాడు.

చేపలు థర్మాకోల్ డబ్బాలో నంద్యాల బస్టాండుకు వచ్చాయి. ఆ రోజు నాకు సెలవు. డబ్బా ఒళ్లో పెట్టుకుని ఇద్దరం ఆళ్లగడ్డ బస్సులో కూర్చున్నాం. శిరివెళ్లలో బస్సు ఆగినప్పుడు చిన్నబావ కిటికీలోంచి ఒక వీధి వైపు చూశాడు. దిగి ఒకసారి భార్యకు కనబడి రమ్మన్నాను, డబ్బా నేను పట్టుకుపోతానని కూడా అన్నాను. "తాళంచెవితోనే పోతాలే" అన్నాడు.

ఇంటికొచ్చాక సంచుల్ని తొట్టి నీళ్లలో తేల్చి, సన్నటి గొట్టంతో చుక్క చుక్కగా తొట్టి నీళ్లు వాటిలోకి వదిలాడు. నల్లచేపల్ని చివర వేస్తానన్నాడు. ముందు దిగిన చేప తొట్టి అంతా తనదే అనుకుంటుంది, చివర దిగినదానికి ఆ పొగరు తగ్గుతుంది. బావ ఒప్పుకోలేదు. కొత్త కొట్టం కట్టినప్పుడు పోటీ జతే ముందు లోపలికి అడుగుపెట్టాలి, పాడి, దూడలు తర్వాత. ఆ ఇంట్లో ఎప్పుడూ జరిగే పద్ధతి అది. నల్ల జత ముందు దిగింది. రెండూ ఒకే కొలత. పక్కపక్కన ఈదుతుంటే బావ చూసి, కాడి వేసినా వంగదు అన్నాడు. వచ్చినవాళ్లందరూ ఔనన్నారు. మిగతా వాటిని చిన్నబావ ఇంకో చిన్న తొట్టిలో, వసారాలో ఉంచాడు.

తర్వాతి వారం నేను పోయేసరికి జత విడిపోయింది. ఒక నల్లచేప పెద్ద రాయి కింద ఉంది. రెండోది తొట్టి పైమూలలో, నీళ్లు వేడిచేసే గాజుగొట్టం వెనక, ఒకవైపుకు ఒరిగి ఉంది. దాని తోక సగం లేదు. కాస్త కదిలితే చాలు, కింది చేప బాణంలా పైకి వచ్చి పొడిచి పోయేది. చిన్నబావ చిల్లులున్న ప్లాస్టిక్ పలక అడ్డం పెడితే బావ తీయించాడు. ఏది గెలుస్తాదో తేలనీ అన్నాడు. ఎద్దులకు నడక చెప్పి వచ్చిన మనుషులు కాళ్లు కడుక్కుని, టీ గ్లాసులు పట్టుకుని తొట్టి ముందు కుర్చీలు వేసుకున్నారు. మూలనున్నది ఎదురుతిరుగుతుందా లేదా అని వాదించుకున్నారు. అది ఎదురు తిరగలేదు. మధ్యాహ్నానికి దాని కన్ను ఒకటి తెల్లబడింది. ఒకాయన గాజు మీద వేలితో కొట్టి దాన్ని కదిలించబోయాడు, కింది చేప మళ్లీ వచ్చింది. సాయంత్రం బస్సుకు నేను బయలుదేరేటప్పుడు చిన్నబావ దాన్ని వలతో తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. దవడలు ఇంకా ఆడుతున్నాయి. బావ దాన్ని చూసి, అది మొదటినుంచీ రవ్వంత పొట్టిదే, చెన్నైవాడు మోసం చేశాడు అన్నాడు.

జత చూసిన కన్నుది తప్పు కావడానికి వీల్లేదు. ఆ మాటతో అది వ్యాపారి తప్పు అయిపోయింది.

మిగిలిన నల్లచేప మీద బావకు మనసు పడింది. గెలిచింది కదా. పొద్దున లేవగానే తొట్టి మీది వలమూత తీసి వేలు నీళ్లలో పెట్టేవాడు. అది వచ్చి కొరికేది. రక్తం చుక్క కనిపిస్తే బావ వచ్చినవాళ్లకు వేలు చూపించేవాడు. ఆ ఇంట్లో మనిషెవడూ ఆయన్ను ఎదిరించిన జాడ లేదు. చేప కొరికితే మాత్రం మురిసిపోయేవాడు.

వసారాలోని చేపల్ని ఎక్కువకాలం చిన్న తొట్టిలో ఉంచడానికి లేదు. చిన్నబావ వాటిని పెద్ద తొట్టిలోకి దించక తప్పలేదు. ఇసుక చేప రెండు రోజులు కనిపించి, తర్వాత కనిపించలేదు. ఎర్రతోక చేప ఒక పొద్దున, బావ మూత వేయడం మరిచిపోయిన పొద్దున, నల్లచేప తరిమితే తొట్టిలోంచి బయటికి ఎగిరింది. అక్క ముగ్గు వేసి లోపలికి వస్తూ గడప దగ్గర చూసిందట. అప్పటికే చీమలు పట్టాయి. ఫోన్లో చెబుతూ, "ఎంత సన్నగా ఉండిందిరా అబ్బీ, పూలరేక లెక్క" అంది.

క్లౌన్ చేపలు రెండూ నీళ్లు తిప్పే మోటారు వెనక దూరాయి. పెద్దది బయట, చిన్నది లోపల. మేత వేసినా వచ్చేవి కావు. చిన్నబావ ఇంజెక్షన్ గొట్టంతో మేతను నేరుగా మోటారు వెనకకు వదిలేవాడు. శివరాత్రి దగ్గరపడుతోంది. ఆ రెండూ బతికితే చాలు, గది అడగడానికి నోరుంటుంది అన్నాడు నాతో.

నల్లచేపను బయటికి తీసేయమని చెప్పింది అక్కే. నేనక్కడున్న ఒక ఆదివారం బావ పక్క మండలంలో బండలాగుడుకు ఎద్దుల్ని తోలుకుపోయాడు. సాయంత్రందాకా రాడు. అక్క వంటింట్లోంచి వచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "తీసెయ్ నాయనా. సచ్చిపోయిందని నేను చెప్తా" అంది. చిన్నబావ తొట్టి దగ్గరికి పోయాడు. రాళ్ల మధ్యనున్న చేప వలకు దొరకదు. రాళ్లన్నీ తీయాలి, చేపలతోపాటు తెప్పించి రాళ్ల మీద అంటించిన పగడాలు దెబ్బతింటాయి. అయినా మొదలుపెట్టాడు. బేసిన్లు, బకెట్లు హాలంతా పరిచాం. ఒక్కో రాయి తీసి ఉప్పునీళ్లలో పెట్టాడు. నీళ్లు బురదగా అయ్యాయి. చివరి రాయి లేపినప్పుడు నల్లచేప వలలో పడింది. దాన్ని బకెట్లో వేసి, మూతిమీద చెమట తుడుచుకుని, గోడకానుకుని కూర్చున్నాడు. కొంచెంసేపటికి క్లౌన్ చేపలు మోటారు వెనకనుంచి బయటికి వచ్చాయి. ఖాళీ తొట్టిలో అటూ ఇటూ తిరిగాయి. అవి ఈదడం అక్క చూడటం అదే మొదటిసారట.

బావ అనుకున్నదానికంటే ముందే వచ్చాడు. ఎద్దులు ఓడిపోయాయి. ఎడమది సగం దూరంలో మోకాళ్ల మీద పడిందట. ఒళ్లంతా దుమ్ముతో గడపలో నిలబడి బేసిన్లను, రాళ్లను, బకెట్లో ఉన్న చేపను చూశాడు.

"ఏందిరా ఇది?"

"తీసేసినా అన్నా. అది ఉంటే ఏదీ మిగలదు."

"ఎత్తి మళ్లీ తొట్లో ఎయ్."

అక్క వద్దంది. బావ ఆమె వైపు చూడలేదు. అరవనూ లేదు. మంచం మీద కూర్చుని చెప్పులు విప్పుకుంటూ, "నా బలవంతం ఏం లేదు. గది వద్దంటే బకెట్లోనే ఉండనీ" అన్నాడు.

చిన్నబావ లేచాడు. ముందు రాళ్లు పేర్చాడు, కానీ ఇదివరకటిలా కాదు. తలకిందులుగా, వేరే వరసలో పేర్చాడు. ఇల్లు మారిపోతే తన చోటు ఏదో దానికి తెలియదు, కొన్నాళ్లు పొగరు తగ్గుతుంది అని నాకు మెల్లగా చెప్పాడు. తర్వాత బకెట్ వంచి నల్లచేపను వదిలాడు. అది ఒక చుట్టు తిరిగింది, కొత్త రాళ్లను చూసింది, ఎక్కడా ఆగకుండా నేరుగా మోటారు దగ్గరికి పోయింది.

చిన్న క్లౌన్ చేప ఆ వారంలోనే పోయింది. పెద్దది ఇంకొన్నాళ్లు మోటారు వెనక ఒంటరిగా ఉండి, చివరికి ఒక ఉదయం మోటారు నోటికి అతుక్కుని కనిపించింది.

శివరాత్రి మర్నాడు నేను పోయాను. ఉపవాసం విడిచి అందరూ భోజనాలకు కూర్చున్నారు. చిన్నబావ తాళంచెవి మాట ఎత్తలేదు. బావే ఎత్తాడు. చేపలు బతకాలని షరతు పెట్టాను, వాడు ఏరినవన్నీ చచ్చాయి, నేను ఏరింది బతికింది, ఇంక వాడికి అంగడెందుకు అన్నాడు. వాటిని చంపింది ఆ బతికిందే కదా బావా అన్నాను నేను.

"తెలుసులేప్పా" అన్నాడు బావ, అన్నం కలుపుతూ. "ఆ పొద్దు అది బకెట్లో ఉండె గదా. మళ్లీ ఏసింది ఎవురు? చెప్పింది నేనే, ఏసింది వాడు. వానికి తెలుసు అది చంపుతాదని. తెలిసీ ఏసినాడు. రేపు అంగట్లో ఎవడో కారేసుకోని వచ్చి గద్దిస్తే ఏది అడిగితే అది సంచిలో కట్టిస్తాడు. అట్లాంటోనికి గదేంటికి?"

పళ్లెం మీద వంగిన చిన్నబావ తల కొద్దిగా కదిలింది. ఒప్పుకుంటున్నట్టు కదిలింది. అక్క పెరుగు వడ్డించడానికి లేచి లోపలికి పోయి, చాలాసేపు రాలేదు. నాలుగు మెతుకులు తిన్నాక బావే మళ్లీ చెప్పాడు. గదిలో ఎరువుల మూటలు వేసుకుంటానని ఒకాయన అడిగాడట, మాట ఇచ్చేశాడట. ఆ మాట ఎప్పుడిచ్చాడో చెప్పలేదు. పోటీలో ఓడిన ఎద్దుల్ని మళ్లీ దారిలో పెట్టాలి, మనిషి కావాలి అన్నాడు. చేపను మాత్రం చావనీయొద్దన్నాడు.

నేను చెయ్యి కడుక్కుంటుంటే చిన్నబావ పెరట్లో కొట్టం గోడకు ఆనుకుని ఫోను తీశాడు. శిరివెళ్లలో అతని భార్య ఫోను పక్కనే పెట్టుకుని కూర్చుని ఉంటుంది, మొదటి గంటకే ఎత్తింది. గది ఎరువులకు పోయిందని చెప్పాడు. అవతలి నుంచి ఏవో ప్రశ్నలు వచ్చాయి. అన్నింటికీ ఊ కొట్టాడు. తర్వాత ఆమె, ఇవాళైనా వచ్చి కనబడి పొమ్మని అడిగి ఉంటుంది.

"యాడ వచ్చేది?" అన్నాడు. "చేపకు నీళ్లు మార్చాల."